వేషం వేసే సీతాకోకచిలుకల కన్ను, మెదడు: పెరట్లోంచి ఎలా చూడాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండేవాళ్ళలో పెరట్లో కరివేపాకు చెట్టు, రోడ్డు పక్కన జిల్లేడు మొక్క లేనివాళ్ళు తక్కువే. ఆ రెండూ ఉంటే ఈ పనికి కావాల్సిన సరంజామా సగం వచ్చేసినట్టే. మిగతాది ఒక పాత దోమతెర, ఒక నోట్‌బుక్కు, ఫోను, కాస్త ఓపిక. మైక్రోస్కోపు లేదని ఆగక్కర్లేదు, దాని అవసరం చివర్లో వస్తుంది, అదీ వేరేవాళ్ళు చేసిన పని చదవడానికే.

మనం చూడబోయే విషయం ఇది. చేదుగా, విషంగా ఉండే సీతాకోకచిలుక రంగుల్ని ఇంకో జాతి తన రెక్కల మీద వేసుకుంటుంది, పిట్టలు మోసపోయి వదిలేస్తాయి. ఇది చాలామందికి తెలిసిందే. హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవుల్లో పదకొండేళ్ళు తిరిగొచ్చి 1862లో రాశాడు, అప్పట్నుంచీ పుస్తకాల్లో ఉంది. కానీ ఎక్కువమంది అడగని ప్రశ్న ఒకటుంది: పిట్టనే మోసం చేసే వేషం సొంత మొగుణ్ణి మోసం చేయదా? తన జాతి ఆడది పరాయి జాతిలా కనిపిస్తుంటే మగది దాన్ని ఎలా పోల్చుకుంటుంది? ఆ చిక్కు ఉంది కాబట్టే, వేషంతో పాటు కన్నూ మెదడూ కూడా మారుతూ వచ్చాయి. రెక్కలు చూసి ఊరుకుంటే సగం కథే తెలుస్తుంది.

ముందు ఎవరు ఎవరో తెలియాలి. మనవైపు సులువుగా దొరికే జంట కామన్ మార్మన్, కామన్ రోజ్. విషం ఉన్నది రోజ్, దాని వేషం వేసేది మార్మన్ ఆడది. మగ మార్మన్ నల్లగా ఉండి వెనక రెక్క మీద అడ్డంగా తెల్ల చుక్కల వరుస ఉంటుంది. ఆడవి మాత్రం ఒక్క తీరుగా ఉండవు: కొన్ని అచ్చం మగదానిలా, కొన్ని కామన్ రోజ్‌లా వెనక రెక్క మధ్య తెల్ల మచ్చ, అంచున ఎర్ర నెలవంకలతో, ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్‌లా ముందు రెక్కల మీద తెల్ల పట్టీలతో. ఇవన్నీ ఒకే జాతి ఆడవని 1865లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ప్రకృతి పరిశోధకుడు గట్టిగా చెప్పేదాకా కొన్నిటిని వేరే జాతులుగా లెక్కవేసేవాళ్ళు. తేడా పట్టడానికి రెక్కలు చూడకండి, ఒళ్ళు చూడండి. రోజ్‌కి తల, పొట్ట ఎర్రగా ఉంటాయి, మార్మన్ ఆడదానికి ఎంత వేషం వేసినా ఒళ్ళు నల్లగానే ఉంటుంది. ఎగురుతున్నప్పుడు ఇది కనబడదు. నూరు వరహాల పూల మీద వాలి రెక్కలు కొడుతూ తొండం దింపినప్పుడు పక్కనుంచి చూస్తే పొట్ట రంగు స్పష్టంగా తెలుస్తుంది.

రెండో జంట జిల్లేడు దగ్గర దొరుకుతుంది. జిల్లేడాకు తిని పెరిగే ప్లెయిన్ టైగర్ నారింజ రంగులో ఉంటుంది, ఆ ఆకు విషం దాని ఒంట్లో చేరుతుంది. డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది దాన్ని అనుకరిస్తుంది, దాని పురుగు మాత్రం మనం పప్పులో వేసుకునే గంగపావిలి తింటుంది. తేడా చెప్పాలంటే వెనక రెక్క చూడండి: టైగర్‌కి రెక్క నడుమ మూడు నాలుగు నల్ల చుక్కలు, ఎగ్‌ఫ్లైకి నడుమ ఏమీ ఉండదు, పై అంచున ఒక్క మచ్చే. దీని మగది నల్లని రెక్కల మీద ఊదా మెరుపు అంచున్న పెద్ద తెల్ల మచ్చలతో, ఆడదానితో ఏ సంబంధమూ లేనట్టు ఉంటుంది. జిల్లేడు దగ్గర పని చేసేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి, పిల్లలుంటే మరీ జాగ్రత్త.

రోజ్ కావాలంటే ఈశ్వరి తీగ నాటండి. సవర పల్లెల్లో అడిగితే ఆ తీగ ఎక్కడుందో చూపిస్తారు. ఒక మాట: పాముకాటుకీ జ్వరానికీ ఈశ్వరి కషాయం తాగే అలవాటు ఇంకా ఉంది, దయచేసి వద్దు. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలు పాడు చేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. రోజ్ పురుగు ఆ విషాన్నే ఒంట్లో దాచుకుని పిట్టలకి చేదవుతుంది. మనకా శక్తి లేదు.

ఇప్పుడు పెంపకం. కరివేపాకు లేత ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగుల్ని వెతకండి, పెద్దయ్యాక అవి ఆకుపచ్చగా మారతాయి, ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి రెండు పాయల కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి. నిమ్మ మీద దొరికేవాటిలో మార్మన్ కాకుండా నిమ్మ సీతాకోకచిలుకలు ఎక్కువ రావచ్చు, వాటికి వేషం లేదు, అందుకని కరివేపాకు మీదవే తెచ్చుకోండి. మూత మీద చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా చాలు, రోజూ తాజా రెమ్మ పెట్టాలి, రెట్టలు తీసెయ్యాలి, తడి ఉండకూడదు. మా పక్కింటి పిన్ని "ఏటమ్మా ఈ పురుగుల పెంపకం, కరేపాకంతా తినేత్తన్నాయి, మందు కొట్టించీ" అంటూనే ఉంటుంది. మందు కొట్టిన చెట్టు ఆకు మాత్రం పొరపాటున కూడా పెట్టకండి, సంతలో కొన్న కట్ట అస్సలు వద్దు. ప్యూపా అయ్యాక పది పన్నెండు రోజులు అటూ ఇటూగా రెక్కలొస్తాయి.

ఒకే తల్లి పెట్టిన గుడ్లని విడిగా పెంచగలిగితే ఇక్కడే మొదటి పాఠం దొరుకుతుంది: అక్కాచెల్లెళ్ళలో ఒకటి రోజ్ వేషంతో, ఒకటి మగదానిలా రావచ్చు. ఏది ఏ వేషం వేయాలో అవి కోరుకున్నది కాదు. డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు రెండు రకాలుగా ఉండటం వల్ల అలా జరుగుతుందని 2014లో తేల్చారు. మామూలుగా ఆ జన్యువు పని కీటకాల్లో ఆడా మగా తేడా చూసుకోవడం, దాన్నే వేషానికి వాడుకుంది పరిణామం. అందుకే ఎవరైనా "ఎంత తెలివిగా వేషం మార్చుకుంటుందో" అంటే సరిచేయండి, ఇక్కడ తెలివి రెక్కల్లో లేదు, ఉంటే చూసేవాడి కంట్లో ఉంది.

కంటి సంగతికి వద్దాం. సీతాకోకచిలుక కన్ను వేల చిన్న కళ్ళ గుత్తి, ఒక్కోదానిలో తొమ్మిది కాంతి గ్రాహక కణాలు. దీన్ని దగ్గరగా చూడాలంటే మార్మన్ పనికిరాదు, దాని కన్ను మరీ నలుపు. పెరట్లో తిరిగే పసుపు, తెలుపు చిన్న సీతాకోకచిలుకల్ని చూడండి, వాటి కళ్ళు లేత ఆకుపచ్చ. పొద్దున్నే చలికి కదలకుండా ఉన్నప్పుడు ఫోనుకి క్లిప్ లెన్సు తగిలించి పక్కనుంచి చూస్తే ఆ ఆకుపచ్చ మీద నల్ల చుక్కలు కనిపిస్తాయి. మీరు ఫోను జరిపితే చుక్క కూడా మీతో జరుగుతుంది! అది కంటి మీది మచ్చ కాదు, సరిగ్గా మీ వైపు చూస్తున్న చిన్న కళ్ళు మీ వైపు వెలుతురు తిప్పి పంపక నల్లగా కనబడటం. ఈ చుక్క కదలికను కొంతసేపు గమనిస్తే అది ఒకేసారి ముందూ పక్కా దాదాపు వెనకా చూస్తోందని, ఎటు నుంచి చెయ్యి పెట్టినా ఎందుకు ఎగిరిపోతుందో అర్థమవుతుంది.

కానీ చూపు పదునుగా ఉండదు. మన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడా పట్టగలదు, సీతాకోకచిలుకలకి అది సుమారు ఒక డిగ్రీ. లెక్కేస్తే 5 మీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే 8.7 సెంటీమీటర్లు, అంటే రెక్కలు విప్పిన మార్మన్ మొత్తం ఇంకో మార్మన్‌కి ఒక్క చుక్క! ఎర్ర నెలవంకలు, తెల్ల మచ్చ, ఇవేవీ అంత దూరంలో లేవు. ఉన్నది రంగు, కదలిక, అంతే. అందుకే మగవి రాలే ఆకు వెంట, వేరే జాతి వెంట, ఒక్కోసారి మీ చున్నీ వెంట కూడా పడతాయి, దగ్గరికొచ్చి వాసన తేడా తెలిశాక వదిలేస్తాయి. ఇది పరీక్షించడం తేలిక. నల్ల కాగితంతో మార్మన్ ఆకారాలు కత్తిరించి, ఒకదానికి మగదానిలా తెల్ల చుక్కలు, ఇంకోదానికి రోజ్ మచ్చలు అంటించి, సన్నని తీగకి కట్టి, పూల మొక్క పక్కన గాలికి ఊగేలా పెట్టండి. మగది ఎంత దూరంలో దారి మళ్ళింది, ఎంత దగ్గరికి వచ్చింది, ఎంతసేపు చుట్టూ తిరిగింది, రాసుకోండి. ఒక్కటీ రాని రోజులు కూడా రాయాలి, అవి వదిలేస్తే మీ నోట్‌బుక్కు అబద్ధం చెబుతుంది.

రంగు తెలుసా లేదా అన్నది తేల్చడానికి పాత పద్ధతే మంచిది. 1914లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ తేనెటీగల మీద చేసినట్టు బూడిద రంగు కాగితాలు వాడాలి. దోమతెర లోపల, ఇంకా తిండి రుచి చూడని కొత్త మార్మన్‌ని వదలండి, కానీ రెక్కలు పూర్తిగా గట్టిపడ్డాకే. ఒక చెంచా చక్కెర, తొమ్మిది చెంచాల నీళ్ళు కలిపి ఎర్ర కాగితం మీద చుక్క వేసి, మెల్లగా రెక్కలు కలిపి పట్టుకుని గుండుసూదితో తొండం విప్పి ఆ చుక్కకి తాకించండి. తాగడం మొదలుపెడితే ఇక వదిలెయ్యొచ్చు. ఇలా కొన్నిసార్లు అలవాటు చేశాక చక్కెర లేని కొత్త కాగితాలు పెట్టండి: ఎర్రది ఒకటి, లేత నుంచి ముదురు దాకా బూడిదవి నాలుగైదు, చోట్లు మారుస్తూ. రంగు తెలియకుండా వెలుగు ఎక్కువ తక్కువలే తెలిస్తే ఏదో ఒక బూడిద కాగితాన్ని ఎరుపే అనుకుని దిగాలి. ప్రతిసారీ కాగితాలు మార్చడం ముఖ్యం, లేకపోతే అది చూసి వచ్చిందో వాసన పట్టి వచ్చిందో చెప్పలేరు. మార్మన్‌కి దగ్గరి చుట్టమైన పాపిలియో జూథస్ మీద జపాన్‌లో ఇలాంటి పరీక్షలు చాలా చేశారు. దాని కంట్లో ఆరు రకాల గ్రాహకాలున్నాయి, అందులో మన కంటికి కనిపించని అతినీలలోహితం (యూవీ) ఒకటి, తేనెటీగకి లేని ఎరుపు ఒకటి. మనకి మూడే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. షాపులో కొన్న తెల్ల కాగితం సీతాకోకచిలుకకి తెలుపు కాదు. కాగితం మెరవడానికి వేసే రసాయనం అతినీలలోహితాన్ని మింగి నీలంగా వదులుతుంది. దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చి చీకట్లో కాగితం మీద వేసి చూడండి, నీలంగా వెలిగిందంటే దాన్ని పక్కన పెట్టండి. టార్చి మాత్రం మీ కళ్ళలోకీ వాటి కళ్ళలోకీ వేయకండి.

ఈ తంటా అంతా ఎందుకు అనుకునేవాళ్ళు లాంటానా పొద దగ్గర కూర్చుంటే చాలు, మనవైపు కొండవాలు నిండా ఉంది, తీసేయాల్సిన కలుపే కానీ ఉన్నంతకాలం వాడుకుందాం. ఒకే గుత్తిలో కొత్త పూలు పసుపు, పాతవి ఎరుపు లేదా గులాబీ. తేనె ఉండేది పసుపు వాటిలో. తొండం ఏ రంగు పువ్వులో ఎన్నిసార్లు దిగిందో గీతలు గీసుకుంటూ పొండి. వేషం గురించి ఏమీ చెప్పదు గానీ, కన్నూ నేర్చుకునే మెదడూ కలిసి పని చేయడం ఇంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదు.

సరే, అసలు చిక్కు. పిట్టకి ఒకేలా కనిపిస్తూ తనవాళ్ళకి వేరేగా కనిపించడం సాధ్యమా? దక్షిణ, మధ్య అమెరికాల్లోని హెలికోనియస్ సీతాకోకచిలుకలు దీనికి ఒక దారి కనిపెట్టాయి. అవి విషం ఉన్నవే, ఒకదాని వేషం ఒకటి పంచుకుంటాయి. ఇలాంటి పంపకం గురించి ఫ్రిట్జ్ ముల్లర్ 1870లలోనే చెప్పాడు. వీటి పూర్వీకుల్లో అతినీలలోహితాన్ని పట్టే గ్రాహక జన్యువు ఒకటి రెండయ్యింది, అదే కాలంలో రెక్కల మీది పసుపు రంగు కూడా అతినీలలోహితాన్ని తిప్పికొట్టే కొత్త పదార్థానికి మారింది. 2010లో ఇది బయటపడింది. అంటే మనకి రెండు పసుపులూ ఒకటే, వాటికి కావు. ఇంకా వింత ఏంటంటే హెలికోనియస్ ఎరాటోలో ఆ రెండు గ్రాహకాలూ ఆడదాని కంట్లోనే ఉంటాయి, మగదానికి ఒకటే. మొగుణ్ణి ఎంచుకునే పని ఎవరిదో ఊహించుకోండి.

ఇష్టం కూడా వారసత్వంగా వస్తుంది. ఎర్ర పట్టీ ఉన్న హెలికోనియస్ మెల్పోమెన్, టిమరేటా ఒకే వేషం వేస్తాయి, మగవి ఎరుపు వెంట పడతాయి. ఆ ఎరుపు మోజుకి సంబంధించిన రెగుకాల్సిన్1 అనే జన్యువు మెల్పోమెన్ నుంచి టిమరేటాకి సంకరం వల్ల చేరిందనీ, దాన్ని క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించే పద్ధతితో పాడు చేస్తే సొంత జాతి ఆడవాటి వెంట పడటమే తగ్గిందనీ 2024లో చూపించారు. రంగూ, ఆ రంగు మీద మోజూ, రెండూ ఒక జాతి నుంచి ఇంకో జాతికి చేరాయన్నమాట.

మెదడు మారడానికి రెండో కారణం వెలుతురు. దీనికి అడవికి వెళ్ళాలి. గండాహతి జలపాతం దారిగానీ, మహేంద్రగిరి పాదంలో ఏ వాగు పక్కనైనాగానీ, వానలు వెనకబట్టాక వెళ్ళండి. ఫోనులో వెలుతురుని లక్స్‌లలో కొలిచే యాప్ పెట్టుకోండి, బయట మిట్టమధ్యాహ్నం సుమారు లక్ష చూపిస్తుంది, గుబురు చెట్ల కింద వెయ్యికి లోపు కూడా పడిపోవచ్చు. ఒక్కో సీతాకోకచిలుక కనిపించినప్పుడు ఏ వేషం, నేల నుంచి ఎంత ఎత్తు, అక్కడ వెలుతురు ఎంత, ఈ మూడూ రాయండి. మనవైపు కామన్ క్రో, దాని వేషం వేసే కామన్ మైమ్ ఒక జట్టు, బ్లూ టైగర్, దానిలా ఉండే కామన్ మైమ్ రెండో రూపం ఇంకో జట్టు, రోజ్‌లు, మార్మన్ ఆడవి మరో జట్టు. మోడల్, అంటే చేదుగా ఉండే అసలు జాతి, ఎక్కడ తిరుగుతుందో దాని వేషం వేసేది కూడా అక్కడే తిరిగితేనే లాభం, ఎందుకంటే ఆ పిట్టే చేదు రుచి చూసి ఉండాలి. అలా ఒకే నీడలో తరతరాలు బతికితే కన్నూ మెదడూ ఆ నీడకి తగ్గట్టు మారతాయి. ఈక్వడార్ అడవుల్లో ఇథోమిని సీతాకోకచిలుకల మీద జరిగిన పనిలో ఇదే కనిపించింది: ఒకే వేషం, ఒకే వెలుతురు పంచుకునే జాతులు దగ్గరి చుట్టాలు కాకపోయినా మెదడులో చూపు భాగాలు ఒకే వైపు మారాయి.

మెదడు కోసి చూడమని నేను చెప్పను, ఇంట్లో అది కుదరదు కూడా. కానీ అలాంటి బొమ్మలు ఎదురైతే ఎలా చదవాలో తెలిసుండాలి. రెండు పక్కలా రెక్కల్లా విప్పుకున్న పెద్ద భాగాలు ఆప్టిక్ లోబ్‌లు, చూపువి, సీతాకోకచిలుక మెదడులో సింహభాగం వాటిదే. ముందువైపు చిన్న గుండ్రటి జత వాసనది. పైన కాడ, గొడుగులా ఉండేవి మష్రూమ్ బాడీలు, నేర్చుకోవడం, గుర్తుపెట్టుకోవడం వాటి పని. 1850లోనే ఫెలిక్స్ దుజార్దాన్ వీటిని వర్ణించాడు. హెలికోనియస్‌లో ఇవి దగ్గరి బంధువులకంటే మూడు నాలుగు రెట్లు పెద్దవి. కారణం వేషమని తొందరపడకండి. ఈ సీతాకోకచిలుకలు పుప్పొడి తింటాయి, నెలల తరబడి బతుకుతాయి, రోజూ అవే పూల దగ్గరికి అదే దారిలో తిరుగుతాయి, జ్ఞాపకం కావాల్సింది దానికి. వేషం, వెలుతురుల ముద్ర ఎక్కువగా కనిపించేది చూపు భాగాల్లో.

బొమ్మలో పెద్దగా కనిపించింది కదా అని తెలివైనదని రాసేయకండి, ఒంటి సైజుతో మెదడూ పెరుగుతుంది, కాబట్టి మిగతా మెదడుతో పోల్చి ఆ భాగం ఎంత ఉందో చూడాలి. రెండోది, అడవిలో పట్టినవా, ఒకే గదిలో పెంచినవా అని చూడండి. తిరిగిన కొద్దీ, వయసు పెరిగిన కొద్దీ మష్రూమ్ బాడీ పెరుగుతుంది, అది పరిణామం కాదు, అనుభవం. ఒకే చోట పెంచినా తేడా పోకపోతేనే పుట్టుకతో వచ్చిందని నమ్మొచ్చు. గుబురు అడవిలో ఉండే హెలికోనియస్ సిడ్నో చూపు భాగాలు, అడవి అంచున ఉండే మెల్పోమెన్ కంటే పెద్దవని చెప్పిన 2021 పరిశోధనలో ఇలాగే పెంచి చూశారు, రెండిటికీ పుట్టిన సంకరాల మెదడు నడిమధ్యగా వచ్చింది.

పెంచినవాటిని పురుగు దొరికిన చెట్టు దగ్గరే, ఎండ వచ్చాక వదిలేయండి. పట్టి పిన్ను గుచ్చడం, ఆల్బమ్‌లో పెట్టడం వద్దు, చాలా జాతులు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. ఫోటోలు బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా సైటుకిగానీ ఐనేచురలిస్ట్‌కిగానీ ఊరు, తేదీతో పెట్టొచ్చు, ఒడిశా సరిహద్దు ఊళ్ళవి ఎన్ని ఉంటే అంత మంచిది. పెట్టేముందు ఒక్కసారి చూసుకోండి: పైనుంచి తీసిన ఫోటోలో ఒంటి రంగు పడకపోతే అది రోజా, మార్మనా అని తేల్చడం కష్టం, కాబట్టి పొట్ట కనిపించేలా పక్కనుంచి తీసినది ఒకటైనా జత చేయండి.